చుట్టాల గోడ: తిత్తి కడుపులో ఏముంది?

పోయినవారం మనం కోడల్ని ఎక్కడ వదిలేశామో గుర్తుందా? డైరెక్టరు గదిలో, కాగితం మీద పెన్ను ఆనించి, ఆనించిన పెన్ను మళ్ళీ పైకి లేపి, "నేను పెట్టనండీ" అన్న చోట. ఆ మ్యూజియంలో ఒక రూలుంది. గోడకి ఏ బొమ్మపలక అంటించాలన్నా రెండు సంతకాలు పడాలి. ఒకటి ఆ జంతువుని కోసి చూసినవాళ్ళది, రెండోది దాని జన్యువులు చదివినవాళ్ళది. కోసి చూసిన సంతకం పెద్దాయనది. అది సోమవారమే పడిపోయింది. జన్యువుల సంతకం కోడలిది. ఎవరి కోడలయ్యా అంటే, ఆ పెద్దాయనకే. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇక ఆ గోడ సంగతి. చేప, కప్ప, బల్లి, పిట్ట, ఎలక, మనిషి, ఇలా వెన్నెముక ఉన్నవాళ్ళందరినీ ఒకే చెట్టు కొమ్మల మీద కూర్చోబెట్టిన గోడ అది. అందరూ చుట్టాల గోడ అంటారు. రెండువందల పద్నాలుగు పలకలు, ఆరేళ్ళ పని, ప్రతి బొమ్మా పెద్దాయన తన చేత్తో గీసి బట్టీలో కాల్పించినదే. ఇంకొక్క చోటు మిగిలింది. వెన్నెముక లేనివాళ్ళలో మనకి అందరికన్నా దగ్గర చుట్టం ఎవరు అని చెప్పే చోటు. ఆ చోటు ఈనెది అని పెద్దాయన నలభై ఏళ్ళుగా చెబుతున్నాడు. పుస్తకాల్లో దాన్ని ఆంఫియాక్సస్ అంటారు. ఇసకలో దూరి బతికే వేలెడు జీవి, రెండు కొసలా మొన తేలి ఉంటుంది కాబట్టి మ్యూజియంలో ఈనె అనేశారు. కాదు, ఆ చోటు తిత్తిది అని కోడలు తెచ్చిన జన్యువుల లెక్క చెబుతోంది. తిత్తి అంటే సముద్రంలో రాళ్ళకి అతుక్కుని, నొక్కితే మొహాన నీళ్ళు చిమ్మే తోలుసంచీ. తలా తోకా లేని జీవి అని ఎవరినైనా తిట్టాలంటే దీన్ని చూపించి తిట్టొచ్చు.

శనివారం గోడ తెరుస్తారు. పెద్దాయన ఉద్యోగానికి అదే ఆఖరి రోజు. కోడలు సంతకం పెడితే తప్పని తెలిసీ పెట్టినట్టు. పెట్టకపోతే, క్లాసులో తనకి కత్తి పట్టుకోవడం దగ్గర్నుంచి అన్నీ నేర్పిన మనిషిని, ఆయన వీడ్కోలు సభలోనే నలుగురిలో తలదించుకునేలా చేసినట్టు. మూడు వారాలుగా ఆ పిల్ల సరిగ్గా అన్నం తింటే ఒట్టు.

ఇంట్లో కూడా ఉప్పూనిప్పూగానే ఉంది. గురువారం పొద్దున్న కాఫీల దగ్గర మావగారు పేపరు వెనకాల, కోడలు కప్పు వెనకాల. మధ్యలో ఆమె మొగుడు, పళ్ళ డాక్టరు, జంతువులన్నిట్లోనూ దవడలు మాత్రమే ఎరిగినవాడు, "ఇంతకీ ఆ తిత్తికి పళ్ళుంటాయా?" అని అడిగాడు.

"ఉండవు" అన్నారు ఇద్దరూ ఒకేసారి. వారం రోజుల్లో వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం అదొక్కటే.

"అయితే నాకేం పనిలేదు" అని ఆయన లేచి వెళ్ళిపోయాడు. అత్తగారు నవ్వాపుకోలేక వంటింట్లోకి నడిచింది. పెద్దాయన పేపరు మడిచి, కోడలి వైపు చూడకుండానే, "పదకొండింటికి నా గదికి రా. నీ నోటుబుక్కు తెచ్చుకో" అన్నాడు.

పదకొండు కొట్టేసరికి కోడలు తలుపు దగ్గరుంది. పెద్దాయన గది ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. కిటికీ పక్కన భూతద్దాల బల్ల, గోడవారన సీసాలు, సీసాల్లో తెల్లబారిపోయిన చేపలు, స్పిరిట్ వాసన. బల్ల మీద ఈ రోజు కొత్తగా ఒక సీసా ఉంది. లోపల తిత్తి.

"కూర్చోమ్మాయ్. ఇదెక్కడిది?"

సీసా మీద చీటీ కోడలి చేతిరాతే. "మన కింద తొట్టెలోది మావయ్యగారూ. నేను జన్యువులు తీసిన రోజునే పట్టినది. దానికి జంట."

"అదే తొట్టె, అదే రోజు?"

"అదే రోజు, అదే గంట."

పెద్దాయన నోటుబుక్కు తీసుకుని పేజీలు తిప్పాడు. కోపం లేదు. కోపమొస్తే ఆయన గట్టిగా మాట్లాడతాడు, అది అందరికీ తెలుసు. ఇప్పుడు గొంతు మెత్తగా ఉంది. దానికే కోడలికి భయం వేసింది.

"ఈనె దగ్గర, వీపు మీది కండ మాత్రం తీశాను అని రాశావు. మంచిది. తిత్తి దగ్గర ఏం రాశావు?"

"మొత్తం జంతువుని నూరాను అని."

"మొత్తం."

"చిన్నది కదండీ. ముక్కలు చేస్తే ఏమీ మిగలదని..."

పెద్దాయన సీసా మూత తీశాడు. తిత్తిని గాజుపళ్ళెంలో పెట్టి, కత్తెరతో పక్కనుంచి ఒక్క కోత కోశాడు. లోపల వంకీ తిరిగిన చిన్న పేగు. దాన్ని పట్టకారుతో తీసి, గాజుబిళ్ళ మీద నొక్కి, భూతద్దం కింద పెట్టి లేచాడు. "చూడు. చూసి, ఏం కనపడుతోందో పైకి చెప్పు."

కోడలు చూసింది. మొదట మడ్డి. తరవాత మడ్డిలో మెరిసే సన్నటి రేకులు, రేకుల మీద ఒకదాని లోపల ఒకటిగా గీతలు. మూడో తరగతి పిల్లకి చూపించినా చెబుతుంది.

"చేప పొలుసు" అంది.

"ఆ తొట్టెలో ఉన్న చేపలకి మేత ఏం వేస్తున్నారు?"

"పచ్చి చేపల్ని నూరి, ఆ గుజ్జు."

"తిత్తి ఏం చేస్తుంది పొద్దస్తమానం? నీళ్ళు పీల్చి, అందులో ఉన్నదల్లా వడకట్టుకు తింటుంది. నువ్వు దాన్ని కడుపుతో సహా నూరేశావు. దాని జన్యువులూ వచ్చాయి, అది తిన్న చేప జన్యువులూ వచ్చాయి. యంత్రానికేం తెలుసు పాపం? ఇది చేపలకి దగ్గర చుట్టం అంది." పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నీ తిత్తి మనకి చుట్టం కాదమ్మాయ్. పొద్దున్న తిన్న టిఫినుకి చుట్టం."

కోడలికి తలకొట్టేసినట్టయింది. ఎంత సిగ్గుచేటు! కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలు చేసే తప్పు. అది పట్టుకుని మూడు వారాలు ఇంట్లో ముభావంగా తిరిగింది, డైరెక్టరు ముందు పెద్ద సత్యవంతురాల్లా పెన్ను ఎత్తేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి ఈయన ముందు కారకూడదని కిటికీ వైపు చూసింది.

పెద్దాయన సొరుగులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. డైరెక్టరు గదిలో ఆమె వదిలేసి వచ్చిన కాగితమే. "ఇందులో చిన్నతనం ఏమీ లేదు. అందరం చేస్తాం. సంతకం పెట్టు, ఇంటికెళ్ళి ఇద్దరం కడుపునిండా తిందాం."

పెన్ను తీసుకుంది. తీసుకుని, ఉన్నట్టుండి ఆగింది. ఈనెకి కండ మాత్రం ఎందుకు తీసింది తను? తిత్తిని మొత్తం ఎందుకు నూరింది? అది అజాగ్రత్త కాదు. తను అజాగ్రత్త మనిషి కాదు.

"మావయ్యగారూ, ఒక్కమాట. ఈనెని ఎలా కొయ్యాలో మీరు నాకు ఎన్నిసార్లు చూపించారు?"

"లెక్కెవరు పెట్టారు? యాభైసార్లు చూపించి ఉంటాను."

"తిత్తిని?"

పెద్దాయన చూపు గాజుపళ్ళెం మీదకి మళ్ళింది.

"ఒక్కసారి కూడా చూపించలేదు. మీ క్లాసులో దాని వంతు వస్తే, 'ఇదొక తోలుసంచీ, పేజీ తిప్పండి' అనేవారు. నేనూ తిప్పాను. దాని కడుపు ఎక్కడుంటుందో నాకు నిజంగా తెలీదండీ. ఇవాళ మీ కత్తెర కింద చూడటమే మొదలు." పెన్ను బల్ల మీద పెట్టింది. "తప్పు నాదే, కాదనను. అయితే చేప జన్యువులు కలిశాయి కాబట్టి మిగిలినవన్నీ అబద్ధమని మీరూ అనలేరు. నాకు నాలుగు గంటలు టైమివ్వండి. చేపవి ఏరి పారేస్తాను. అప్పుడు కూడా తిత్తి కిందికి జారిపోతే సంతకం పెట్టేస్తాను, మీరు అడగనక్కర్లేదు."

పెద్దాయన భూతద్దం కిందనుంచి గాజుబిళ్ళ తీసి పక్కన పెట్టాడు. కొడుకు పళ్ళు పీకే పనిలో పడ్డందుకు ఆయనకి లోపల్లోపల దిగులే గానీ, ఈ పిల్ల ఇంట్లోకి వచ్చిన రోజున ఆ దిగులు సగం తీరింది. ఆ సంగతి ఎప్పుడూ పైకి చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. "పక్కన కూర్చుంటాను. ఒక్కొక్కటీ నాకు చూపించి తియ్యాలి" అన్నాడు.

"కూర్చోండి."

కింద అంతస్తులో ఆమె గది. అగ్గిపెట్టెంత గది, రెండు కుర్చీలు వేస్తే తలుపు పడదు. మావగారూ కోడలూ మోకాళ్ళు తగిలేలా కంప్యూటరు ముందు కూర్చున్నారు. నూటనలభై ఆరు జన్యువులు. ఒక్కొక్కదాన్నీ చేప జన్యువు పక్కన పెట్టి పోల్చడం. అక్షరం పొల్లు పోకుండా చేపదానిలాగే ఉంటే అది కడుపులోది, తీసెయ్యాలి. తేడాలుంటే తిత్తి సొంతం, ఉంచాలి.

మధ్యాహ్నం ఒంటిగంటయ్యేసరికి కోడలు ముప్పై ఒకటి తీసేసింది. పెద్దాయనకి చాల్లేదు. "ఇదేమిటి, ఇది కూడా అనుమానంగానే ఉందే?"

"ఇందులో తేడాలు ఉన్నాయండీ."

"తక్కువున్నాయి. అనుమానం ఉన్నదాన్ని ఉంచుకుంటే రేపు ఎవడో వచ్చి అడుగుతాడు. తీసెయ్."

అలా ఇంకో ఎనిమిది తీయించాడు. ఆమె పళ్ళు బిగబట్టి తీసింది. ఈ లెక్కన మావగారు మొత్తం ఖాళీ చేయించేలా ఉన్నారు అనుకుంది గానీ, ఆయన అడిగినవన్నీ న్యాయంగానే అడిగాడని ఆమెకి తెలుసు. చివరికి నూట ఏడు మిగిలాయి.

ఇక యంత్రం వంతు. అది చెట్టుని ఒక్కసారి గీసి ఊరుకోదు. పేకముక్కలు కలిపి పంచినట్టు ఆ అక్షరాలని కలిపి, పంచి, వెయ్యిసార్లు గీస్తుంది. ఆ వెయ్యిట్లో తిత్తి ఎన్నిసార్లు మన పక్కన కూర్చుందో చెబుతుంది. మొదటిసారి, చేపలు కలిసున్నప్పుడు, తొమ్మిదివందల పన్నెండుసార్లు కూర్చుంది. ఇప్పుడు రెండు గంటలు పడుతుందని తెర మీద రాసి ఉంది. ఇద్దరూ కదల్లేదు.

"నీకు తెలుసా" అన్నాడు పెద్దాయన కొంతసేపటికి, తెర వైపే చూస్తూ. "నేను ఈనెని మొదటిసారి పట్టుకున్నప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఇసక జల్లెడ పడుతుంటే చేతిలో మెరిసింది. వీపు పొడుగునా వెన్నెముకలాంటి బద్ద, బద్దకి రెండు పక్కలా చేపకున్నట్టే కండలు. చచ్చేదాకా ఆ బద్దని వదలదు. మరి నీ తిత్తి? పిల్లగా ఉన్నప్పుడు తోక ఉంటుంది, తోకలో ఆ బద్దా ఉంటుంది, మెదడులాంటిదీ ఉంటుంది. ఒకరోజు పోయి రాయికి తల ఆనిస్తుంది. అంతే. తోకని తినేస్తుంది, బద్దని తినేస్తుంది, మెదడుని కూడా చాలామటుకు తినేస్తుంది. సంచీ అయి కూర్చుంటుంది. దాన్ని దగ్గర చుట్టం అంటే నాకు మనసొప్పుకోదు. నిజం చెబుతున్నాను."

"మీ తమ్ముడుగారు ఇల్లూ వాకిలీ వదిలేసి ఎక్కడో కూర్చున్నారు కదండీ, ఉలుకూ పలుకూ లేకుండా. మరి ఆయన మీ తమ్ముడు కాకుండా పోయారా?"

"వాడి మాట ఎత్తకు" అన్నాడు పెద్దాయన. అని, ముసిముసిగా నవ్వాడు. వారం తరవాత మొదటిసారి నవ్వాడు.

మూడున్నరకి తెర మీద చెట్టు పడింది.

కోడలు ముందు చూసి, తెరని ఆయన వైపు తిప్పింది. పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని, పెట్టుకుని, ముందుకి వంగి, వేలితో కొమ్మ వెంట నడుచుకుంటూ వచ్చాడు. వెన్నెముకవాళ్ళంతా ఒక గుంపు. వాళ్ళ పక్కనే తిత్తి. ఈనె ఒక మెట్టు అవతల. కొమ్మ మీద అంకె: తొమ్మిదివందల తొంభై ఆరు.

"పెరిగింది" అన్నాడు. "చేపల్ని తీసేస్తే పెరగడమేమిటి?"

"మొదటిసారి చేప జన్యువులు తిత్తిని చేపల ఒళ్ళోకి లాగాయండీ. దాని సొంతవి మన పక్కన నిలబెట్టాయి. రెంటి మధ్యా లాగులాటలో అంకె తగ్గింది. మీరు తీయించారు కదా, ఇప్పుడు లాగేవాళ్ళు లేరు."

"ఆ ఎనిమిదీ తీయించకపోతే?"

"ఇంకొంచెం తక్కువ వచ్చేదేమో."

పెద్దాయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళ మాటని తన నోటితో తనే ఓడించుకున్నాడు. కోడలికి మూడు వారాలుగా ఈ క్షణం కోసమే ప్రాణం కొట్టుకుంది. తీరా వచ్చాక సంతోషం అన్నది మచ్చుకైనా లేదు, ఆయన చెయ్యి పట్టుకుని ఏడవాలనిపించింది. పట్టుకోలేదు. వాళ్ళింట్లో అలాంటి అలవాటు లేదు.

సరిగ్గా అప్పుడే గోడ హాల్లోంచి చప్పుడు వినపడింది. టక్, టక్, టక్. చెక్కసుత్తితో పలక మీద తట్టే చప్పుడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని లేచారు. పెద్దాయన ఈ వయసులో అంత వేగంగా నడవగలడని కోడలికి ఇవాళే తెలిసింది. హాల్లో నిచ్చెన మీద తాపీమేస్త్రి, నిచ్చెన కింద డైరెక్టరు చేతులు కట్టుకుని. ఖాళీగా ఉండాల్సిన చోట ఈనె పలక, చుట్టూ తడి సిమెంటు.

"రెండో సంతకం లేకుండా ఎవరు పెట్టమన్నారండీ?" అంది కోడలు.

"నేనే అన్నాను మేడమ్. రేపు రంగులవాళ్ళు వస్తున్నారు, ఎల్లుండి అతిథులు వస్తున్నారు. మీ మావాకోడళ్ళ పంచాయితీ తేలేదాకా గోడకి తెర కప్పుకు కూర్చోమంటారా?" డైరెక్టరు పెద్దాయన వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "సార్, మీ సంతకం ఉంది. రెండోది నేనే పెట్టేస్తాను. మీ గోడ, మీ పేరు. శనివారం మిమ్మల్ని దర్జాగా సాగనంపాలని నాకూ ఉండదా?"

"ఆ కాగితం ఇలా ఇవ్వు" అన్నాడు పెద్దాయన కోడలితో. నోటుబుక్కులో పెట్టుకుని వచ్చింది, తీసి ఇచ్చింది. ఆయన దాన్ని గోడకే ఆనించి, జేబులోంచి పెన్ను తీసి, సోమవారం నాటి తన సంతకం మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక గీత గీశాడు. కింద తేదీ వేసి, డైరెక్టరు చేతిలో పెట్టాడు.

"ఇప్పుడు ఒక్క సంతకమూ లేదు. రూలు మీకు తెలుసు."

డైరెక్టరు మొహం నల్లబడింది. కాగితం చూశాడు, గోడ చూశాడు. "సార్, మీరు ఆలోచించే చేస్తున్నారా? ఆహ్వానం కార్డుల మీద కూడా ఈ బొమ్మే వేయించాం."

"నలభై ఏళ్ళు ఆలోచించానయ్యా. ఇవాళ చూశాను. మేస్త్రీ, ఆ పలక తీసి ఒక మెట్టు కింద పెట్టు. సిమెంటు గట్టిపడకముందే."

మేస్త్రి డైరెక్టరు కేసి చూశాడు, పెద్దాయన కేసి చూశాడు, ఎవరి మాట వినాలో తేల్చుకుని తాపీ మొన పలక కిందకి పోనిచ్చాడు. పలక చప్పుడు చేస్తూ ఊడివచ్చింది. దాన్ని ఒక మెట్టు కిందకి, కొమ్మ మొదట్లోని ఉత్తగోడ మీదకి దించి అతికించాడు. పైన పలకంత ఖాళీ, అందులో తడి సిమెంటు.

"ఇక్కడ ఏది పెట్టాలయ్యగారూ? ఇవ్వండి, ఒక చేత్తో అయిపోతుంది."

తిత్తి బొమ్మ పలక లేదు. రెండువందల పద్నాలుగు గీసిన మనిషి దాన్ని మాత్రం గియ్యలేదు.

"బాగుంది" అన్నాడు డైరెక్టరు. "ఖాళీతో నేను గోడ తెరవను. శనివారం పదింటికి ఇక్కడ పలక లేకపోతే ప్రారంభమే రద్దు. సార్ పేరు మీద గోడా ఉండదు, మేడమ్‌కి ఇక్కడ గదీ ఉండదు. ముందే చెబుతున్నాను."

గీసి, ఆరబెట్టి, బట్టీలో కాల్చి, చల్లార్చాలంటే ఎంత లేదన్నా ముప్పై ఆరు గంటలు. గోడగడియారం నాలుగు దాటింది. పెద్దాయన కోటు విప్పి నిచ్చెనకి తగిలించాడు, చొక్కా చేతులు మోచేతిదాకా మడిచాడు.

"అమ్మాయ్, తొట్టె దగ్గరికి పద. అదెలా ఉంటుందో నాకు సరిగ్గా తెలీదు. నువ్వు చూపించు, నేను గీస్తాను."

ఆ మాటకి కోడలి కళ్ళు ఇక ఆగలేదు. చెంగుతో తుడుచుకుంటూ ఆయన వెనకే మెట్ల వైపు నడిచింది. వెనకనుంచి డైరెక్టరు, గట్టిగా కాదు, మేస్త్రికి చెబుతున్నట్టు అన్నాడు: "కార్డు మీదున్న బొమ్మే గోడ మీదా ఉండాలి. బట్టీ తాళాలు నా దగ్గరే ఉన్నాయి. సోమవారందాకా నేనెవరికీ ఇవ్వను."

పెద్దాయన అప్పటికే సగం మెట్లు దిగిపోయాడు, ఆయనకి వినపడలేదు. కోడలికి వినపడింది.